పొత్తికడుపు ఆపరేషన్ తరువాత: పసిపిల్లల తల్లికి, పాడి ఇంటికి కొన్ని సూచనలు

చూడి పశువు ఈనడానికి రెండు నెలల ముందే పాలు తీయడం మానివేసి దానికి విశ్రాంతి ఇవ్వాలని మన సభ్యులకు ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేదు. ఆ 60 రోజులు పాలు లేవని మేత తగ్గించరు. దాణా పెడతారు, తొందరపెట్టరు. అలా చేస్తేనే వచ్చే ఈతలో పాలు నిలుస్తాయని పాడి ఉన్న ప్రతి ఇంటికీ తెలుసు. కాని అదే ఇంట్లో ఇల్లాలికి పొత్తికడుపు ఆపరేషన్ జరిగితే పద్ధతి వేరుగా ఉంటుంది. కుట్లు విప్పిన నాలుగు రోజులకే ఆమె చేతికి పాలచెంబు, చంకకు బిడ్డ, తలమీదికి గడ్డిమోపు వచ్చి చేరతాయి. పశువుతో మనిషిని పోల్చడం మా ఉద్దేశం కాదు. విశ్రాంతి విలువ ఇంత బాగా తెలిసిన ఇళ్ళు ఆ తెలివిని ఇంటి ఆడవారి విషయంలోనూ ఉపయోగించాలని మా కోరిక. అందుకే ఈ వ్యాసం. దీనిని ఆడవారితోపాటు మగవారు, అత్తగార్లు కూడా చదవాలి, చదువురాని వారికి చదివి వినిపించాలి.

ఏ ఆపరేషన్ల గురించి చెబుతున్నాము?

బొడ్డుకు దిగువన, తుంటి ఎముకల నడుమ ఉండే భాగం పొత్తికడుపు. గర్భసంచి, అండాశయాలు, మూత్రాశయం, పెద్దపేగు చివరి భాగం అక్కడ ఉంటాయి. మన గ్రామాలలో ఆడవారికి ఎక్కువగా జరిగే ఆపరేషన్లు ఈ చోటుకు సంబంధించినవే. బిడ్డను కోసి తీయడం, గర్భసంచి తొలగించడం, అండాశయంలో ఏర్పడిన నీటి బుడగను తీసివేయడం, జారిన గర్భసంచిని సరిచేయడం వీటిలో ముఖ్యమైనవి. పశువుకు మెయ్య దిగడం మనందరం చూసినదే. కాన్పుల వల్ల, బరువుల వల్ల అడుగు కండరాలు సడలిన ఆడవారిలో గర్భసంచి జారడం కూడా ఇంచుమించు అటువంటి బాధే.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60 కాన్పులకు పైగా, ఆంధ్రప్రదేశ్‌లో 42 కాన్పులకు పైగా ఆపరేషన్ ద్వారా జరిగాయి. గర్భసంచి తొలగింపులోనూ మనమే ముందున్నాము. 2015-16 సర్వేలో దేశం మొత్తం మీద 15 నుంచి 49 ఏళ్ళ ఆడవారిలో నూటికి ముగ్గురికి కాస్త పైగా ఈ ఆపరేషన్ జరిగినట్లు తేలగా, ఆంధ్రప్రదేశ్‌లో ఆ సంఖ్య దాదాపు 9, తెలంగాణలో దాదాపు 8. అంతేకాదు, దేశంలో ఈ ఆపరేషన్ చేయించుకున్న వారిలో సగం మందికి 34 ఏళ్ళ లోపే అది జరిగింది. అంటే ఆపరేషన్ బల్ల మీదినుంచి ఇంటికి వచ్చే తల్లికోసం చాలా ఇళ్ళలో చిన్నపిల్లలు ఎదురుచూస్తూ ఉంటారు. కొట్టంలో పశువులూ ఎదురుచూస్తూ ఉంటాయి.

పైన మానినా లోపల మానదు

కోత చర్మంతో ఆగదు. చర్మం, దాని కింద కొవ్వు, ఆ కింద కండరాలను పట్టి ఉంచే గట్టి పొర, అన్నిటికంటె లోపల పేగులను కప్పి ఉంచే పలుచని పొర - ఇవన్నీ దాటితేనే గర్భసంచి కనిపిస్తుంది. డాక్టరు లోపలినుంచి ఒక్కొక్క పొరనూ కుట్టుకుంటూ వస్తారు. పై చర్మం వారం పది రోజులలో అతుక్కుంటుంది. కుట్లు విప్పుతారు, మచ్చ మాత్రమే మిగులుతుంది. చూసినవారు "మానిపోయిందిగా" అంటారు. పొరపాటంతా ఇక్కడే జరుగుతున్నది.

పొట్టకు బలం ఇచ్చేది చర్మం కాదు, దాని కింది గట్టి పొర. అది నెమ్మదిగా మానుతుంది. ఆరు వారాలకు ఓ మోస్తరు బరువు తట్టుకునే స్థితికి వస్తుంది, గట్టిపడడానికి ఇంకా కొన్ని నెలలు పడుతుంది. ఈలోగా బరువు ఎత్తినా, మలవిసర్జనకు గట్టిగా ముక్కినా, పట్టుకోకుండా దగ్గినా పొట్టలోని ఒత్తిడి అంతా ఆ పచ్చి కుట్టు మీద పడుతుంది. పొర విచ్చుకుంటే పేగు ఆ సందులోనుంచి ముందుకు వచ్చి ఉబ్బుగా కనిపిస్తుంది. దీనినే హెర్నియా అంటారు. దానికి మళ్ళీ ఆపరేషన్ కావలసి రావచ్చు. జారిన గర్భసంచిని సరిచేయించుకున్నవారు తొందరపడి బరువులు మోస్తే పాత బాధ తిరగబెడుతుంది.

పొట్ట కోయకుండా కింది దారిన గాని, చిన్న రంధ్రాలు చేసి లాప్రోస్కోపీ పద్ధతిలో గాని ఆపరేషన్ చేసినప్పుడు నొప్పి తక్కువ, లేచి తిరగడం తొందరగా సాధ్యం. అయినా గర్భసంచి తీసినచోట లోపల వేసిన కుట్లు మానడానికి వారాలు పట్టక తప్పదు. పైన గాయం కనబడదు కనుక ఇంట్లోవారు మరచిపోయే ప్రమాదం ఈ పద్ధతిలోనే ఎక్కువ.

పాడి ఇంటి బరువులు ఎంతెంత?

ఆపరేషన్ అయిన తరువాత సుమారు ఆరు వారాలపాటు నాలుగైదు కిలోలకు మించిన బరువు ఎత్తవద్దని డాక్టర్లు సాధారణంగా చెబుతారు. నాలుగైదు కిలోలు అంటే ఎంతో మన ఇంటి లెక్కలో చూద్దాము.

ఒక లీటరు పాలు ఒక కిలోకు కాస్త ఎక్కువే తూగుతాయి. అయిదు లీటర్ల పాలు పట్టే క్యాను నిండితే, క్యాను బరువుతో కలిపి హద్దు దాటినట్లే. పదిహేను లీటర్ల నీళ్ళ బక్కెట్టు 15 కిలోలు, అంటే హద్దుకు మూడింతలు. కుడితి తొట్టికి నీళ్ళు మోయడమంటే అటువంటి బక్కెట్లు రోజుకు ఎన్ని అవుతాయో మీకే తెలుసు. పచ్చిగడ్డి మోపు 20 కిలోలకు తగ్గదు. దాణా బస్తా 50 కిలోలు. తడి పేడ గంప కూడా చూసినంత తేలిక కాదు.

ఇక పిల్లలు. అప్పుడే పుట్టిన బిడ్డ సుమారు మూడు కిలోలు. కనుక కాన్పు ఆపరేషన్ అయిన తల్లి తన చంటిబిడ్డను ఎత్తుకోవచ్చు. కాని ఏడాది నిండిన బిడ్డ తొమ్మిది కిలోల వరకు, రెండేళ్ళ బిడ్డ పదకొండు, పన్నెండు కిలోల వరకు ఉంటారు. పైగా బిడ్డ బస్తాలాగా కదలకుండా ఉండదు. ఎగురుతుంది, జారుతుంది, కాళ్ళతో తంతుంది. అందువల్ల ఏడాది దాటిన బిడ్డను తల్లి ఆరు వారాలు నేలమీదినుంచి ఎత్తుకోరాదు. వినడానికి కఠినంగా ఉన్నా ఇది తప్పనిసరి.

ఆపరేషన్‌కు ముందే చేసుకోవలసినవి

ప్రాణాపాయం ఉంటే ఆలోచించడానికి వ్యవధి ఉండదు. ఆ సమయంలో డాక్టరు చెప్పినట్లు వెంటనే చేయాలి. అయితే గర్భసంచి ఆపరేషన్లలో చాలావరకు కొన్ని వారాలు ఆగగలిగినవే. తెల్లబట్ట అయిందనో, బహిష్టు ఎక్కువైందనో, "ఎలాగూ పిల్లలు పుట్టారు కదా" అనో వెంటనే ఒప్పుకోకండి. అధిక రక్తస్రావానికి మందులు, ఇతర చికిత్సలు ఉన్నాయి. కనీసం మరొక డాక్టరును, వీలైతే ప్రభుత్వాసుపత్రిలో, అడిగి చూడండి. అవసరం లేని గర్భసంచి ఆపరేషన్లను అరికట్టడానికి కేంద్ర ఆరోగ్య శాఖ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. రాష్ట్రాలన్నీ వాటిని అమలు చేయాలని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో ఆదేశించింది. అండాశయాలు ఉంచుతారా, తీసివేస్తారా అని కూడా ముందే అడగండి. చిన్న వయసులో రెండూ తీసివేస్తే ముట్లుడిగిన లక్షణాలు ఒక్కసారిగా మొదలవుతాయి. ఒంట్లో ఆవిర్లు, నిద్రపట్టకపోవడం ఉంటాయి, కాలక్రమాన ఎముకలు పలుచబడతాయి.

ఆపరేషన్ తప్పదని తేలినప్పుడు రోజును ఎంచుకునే వీలుంటే, పశువు వట్టిపోయిన కాలాన్ని ఎంచుకోవడం మంచిది. పశువుకు ఇచ్చే రెండు నెలల విశ్రాంతి, తల్లికి కావలసిన ఆరు నుంచి ఎనిమిది వారాల విశ్రాంతి ఒకేసారి కలిసివస్తాయి. పాలు పితికే పని ఉండదు, కేంద్రానికి నడక ఉండదు.

పాలిస్తున్న పశువే ఉన్నట్లయితే చేతి మార్పు సంగతి చూసుకోవాలి. గేదె మచ్చికైన చేతికే చేపుతుంది. కొత్తవారు కూర్చుంటే చేపకుండా నిలబడుతుంది, పాలు తగ్గుతాయి, ఒక్కొక్కప్పుడు తంతుంది. ఈ కారణంగానే "నేను కూర్చుంటే తప్ప ఇవ్వదు" అని పచ్చి కుట్లతో పీట వేసుకునే తల్లులున్నారు. పది పదిహేను రోజుల ముందునుంచే భర్తో, తోటికోడలో, మరిదో ఆమె పక్కన కూర్చుని పితకడం అలవాటు చేసుకోవాలి. మొదట ఆమె చేపించి ఇచ్చి, తరువాత పక్కకు తప్పుకోవాలి. పిలిచే పిలుపు, పొదుగు కడిగే తీరు, దాణా పెట్టే వేళ మార్చవద్దు. ఆమె ఆసుపత్రికి వెళ్ళేనాటికి గేదె రెండో చేతికి అలవాటు పడి ఉంటుంది.

పిల్లల విషయంలోనూ ఇంతే. తల్లి పక్కన తప్ప నిద్రపోని బిడ్డను ముందునుంచే అమ్మమ్మ దగ్గరో, నాయనమ్మ దగ్గరో పడుకోవడం అలవాటు చేయాలి. మూడేళ్ళు దాటిన పిల్లలను అంగన్‌వాడీ కేంద్రానికి పంపితే పగలు కొన్ని గంటలు ఆటపాటలతో గడుస్తాయి, వేడి భోజనం కూడా అక్కడే దొరుకుతుంది.

మొదటి పది రోజులు

విశ్రాంతి అంటే కదలకుండా పడుకోవడమని కొందరి అభిప్రాయం. ఇది సరికాదు. డాక్టరు లేవవచ్చని చెప్పిన వెంటనే, మొదటి రోజో రెండో రోజో, ఒకరి ఆసరాతో లేచి నాలుగడుగులు వేయాలి. కదలకుండా పడుకుంటే కాళ్ళ నరాలలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. పడుకున్నప్పుడు కూడా పాదాలను ముందుకూ వెనుకకూ ఆడిస్తూ ఉండాలి. నడక మంచిది, బరువు చెడ్డది - ఈ రెండు మాటలు గుర్తుంటే చాలు.

మంచం మీదినుంచి లేచేటప్పుడు వెల్లకిలా ఉన్నవారు నేరుగా లేవరాదు. ముందు ఒక పక్కకు తిరిగి, మోకాళ్ళు ముడిచి, కాళ్ళు కిందికి దించి, చేతులతో మంచాన్ని నెట్టుకుంటూ లేవాలి. దగ్గు వచ్చినా, తుమ్ము వచ్చినా ఒక దిండునో, మడతపెట్టిన దుప్పటినో పొట్టకు అదిమి పట్టుకోవాలి. బాగా కుంగిపోయే నులక మంచం కంటె బల్లమంచం లేవడానికి అనువుగా ఉంటుంది. నేలమీద కూర్చోవడం, గొంతుకూర్చోవడం కొన్నాళ్ళు మానాలి.

కుట్లమీద పసుపు, బూడిద, పసరు ఏదీ పెట్టవద్దు. డాక్టరు చెప్పిన పద్ధతిలో శుభ్రంగా, పొడిగా ఉంచితే చాలు. పొట్టకు గుడ్డ బిగించి కట్టే అలవాటు మనలో ఉంది. డాక్టరును అడగకుండా కట్టవద్దు, ఊపిరి ఆడనంత బిగువుగా అసలే కట్టవద్దు.

పిల్లలను దూరం చేయకుండా

పిల్లలను తల్లి దగ్గరకు రానీయకపోవడం పరిష్కారం కాదు. బిడ్డ బెంగపెట్టుకుంటాడు, తల్లి కుమిలిపోతుంది, చివరకు ఎవరూ చూడకుండా ఎత్తుకుంటుంది. ఎత్తుకోకుండా దగ్గరకు తీసుకునే మార్గాలున్నాయి.

తల్లి మంచం మీద వెనుక ఆనుకుని కూర్చుంటే, మరొకరు బిడ్డను ఎత్తి ఆమె పక్కన కూర్చోబెట్టాలి. కాస్త పెద్దబిడ్డ అయితే మంచం పక్కన ఎత్తుపీట వేస్తే తనంత తానే ఎక్కి వస్తాడు. తల్లి పొట్టకు అడ్డంగా దిండు పెట్టుకుని ఆ పైన బిడ్డను ఆనించుకోవచ్చు. అన్నం తినిపించడం, తల దువ్వడం, కథ చెప్పడం, జోలపాడడం వంటివి కూర్చుని చేసే పనులు. వీటికి బరువు లేదు. స్నానం చేయించడం, కాళ్ళమీద వేసుకుని నీళ్ళు పోయడం, వెంట పరుగెత్తడం మాత్రం ఇతరులకు అప్పగించాలి.

రాత్రి తల్లీ బిడ్డా ఆనుకుని పడుకుంటే నిద్రలో బిడ్డ కాలు కుట్లమీద పడుతుంది. మధ్యన ఒక పెద్దవారు పడుకోవడమో, లేక గట్టి దిండు అడ్డం పెట్టడమో చేయాలి. మాటలు తెలిసిన బిడ్డకు "అమ్మ పొట్టకు పుండు అయింది, మానిన తరువాత ఎత్తుకుంటుంది" అని చెబితే అర్థం చేసుకుంటాడు. "దగ్గరకు పోతే కొడతాను" అని భయపెట్టవద్దు.

చంటిబిడ్డకు పాలిచ్చే తల్లి పక్కకు తిరిగి పడుకుని ఇవ్వవచ్చు. లేదా కూర్చుని, బిడ్డను పొట్టమీద కాకుండా చంక కింది పక్కకు దిండుమీద పడుకోబెట్టి ఇవ్వవచ్చు. గర్భసంచి తీసివేసినంత మాత్రాన చనుబాలు ఎండిపోవు, వాటికి గర్భసంచితో పని లేదు. ఆపరేషన్ చేసే డాక్టరుకు, మందులిచ్చే వారికి "నేను బిడ్డకు పాలిస్తున్నాను" అని తప్పక చెప్పాలి. దానికి తగిన మందులే వారు ఇస్తారు. నొప్పిని పంటి బిగువున ఓర్చుకోవడం గొప్ప కాదు. నొప్పి తగ్గితేనే తల్లి నడుస్తుంది, నిద్రపోతుంది, బిడ్డకు పాలు ఇస్తుంది.

కారణం లేకుండా ఏడుపు రావడం, ఎవరిమీదనో విసుగు, "నా బిడ్డ నన్ను మరచిపోయాడు" అన్న దిగులు ఈ రోజులలో చాలామందికి కలుగుతాయి. అటువంటప్పుడు ఎగతాళి చేయక, పక్కన కూర్చుని నాలుగు మాటలు మాట్లాడాలి. రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోతే డాక్టరుకు చెప్పాలి.

అమ్మిన పాలు పోగా తల్లికెన్ని?

పత్యం పేరుతో కారప్పొడి, చారు మాత్రమే పెట్టే ఇళ్ళున్నాయి. పప్పు తింటే చీము పడుతుందని, పెరుగు తింటే జలుబు చేస్తుందని, నీళ్ళు ఎక్కువ తాగితే గాయం చెమ్మగిల్లుతుందని అంటారు. ఇవి నిజం కావు. కోసిన కండ తిరిగి కట్టుకోవడానికి మాంసకృత్తులు కావాలి. అవి పాలు, పెరుగు, పప్పు, గుడ్డు, చేపలలోనే ఉన్నాయి. ఉన్న పాలన్నీ కేంద్రంలో పోసి, ఆపరేషన్ అయిన తల్లికి నీళ్ళ మజ్జిగ పోయడం న్యాయం కాదు. ఆమె లేచి తిరిగేవరకు రోజుకు కనీసం అర లీటరు పాలు ఇంట్లోనే ఆపండి. కాచిన పాలుగానో, పెరుగుగానో ఆమెకు ఇవ్వండి. 42 రోజులకు అది 21 లీటర్లు. బిల్లులో అంత పెద్ద లోటు కాదు.

మలబద్ధకం రాకుండా చూడడం మందుతో సమానం. ముక్కితే కుట్లమీద భారం పడుతుందని పైన చెప్పుకున్నాము. కనుక నీళ్ళు బాగా తాగాలి. ఆకుకూరలు, కాయగూరలు, పండ్లు, మజ్జిగ తీసుకోవాలి. అయినా కష్టంగా ఉంటే డాక్టరును అడిగి మందు వాడాలి.

రక్తం తక్కువగా ఉన్నవారికి ఐరన్ మాత్రలు ఇస్తారు. వాటిని పాలతో గాని, టీతో గాని వేసుకోరాదు. పాలలోని కాల్షియం, టీలోని వగరు ఐరన్ ఒంటికి పట్టకుండా అడ్డుకుంటాయి. నిమ్మరసం నీళ్ళతో వేసుకుంటే బాగా పడుతుంది. పాలు రెండు గంటల తరువాత తాగవచ్చు.

కొట్టంలోకి ఎప్పుడు?

గాయం పూర్తిగా మానేవరకు పేడ తీయడం, కొట్టం కడగడం కూడదు. ఆ మురికి గాయానికి మంచిది కాదు, వంగి ఊడ్చే పని పొట్టకూ మంచిది కాదు. ఈనే పశువు దగ్గరకు, ఈసుకుపోయిన పశువు దగ్గరకు అసలే వెళ్ళరాదు. మాయను, ఉమ్మనీటిని తాకడం ద్వారా ఈసుకుపోయే రోగం మనుషులకూ సోకుతుంది. పచ్చిపాలు తాగినా అది సోకుతుంది కనుక పాలు కాచే తాగాలి.

పాలు పితకడం చేతి పని మాత్రమే అనుకోవద్దు. గొంతుకూర్చుని, చెంబును మోకాళ్ళ మధ్య బిగించి, ఒంటిని ముందుకు వంచి పితుకుతాము. పొట్టమీద, అడుగు కండరాలమీద పడే బరువు తక్కువేమీ కాదు. పైగా పశువు కాలు విసిరితే తగిలేది నేరుగా పొత్తికడుపుకే. అందువల్ల ఆరు వారాల పరీక్షలో డాక్టరు సరేనన్న తరువాతనే తిరిగి మొదలుపెట్టాలి. మొదటి వారం ఎత్తు పీటమీద కూర్చుని, సాధువైన పశువును ఒక పూట మాత్రం పితకాలి. నిండు క్యాను మరొకరు మోయాలి. తరువాత రెండు పూటలు, ఆ తరువాత కొద్దికొద్దిగా బరువులు. గడ్డిమోపు, దాణా బస్తా అన్నిటికంటె చివర.

అంతవరకు ఆమె ఖాళీగా కూర్చోవాలని కాదు. రెండు మూడు వారాల తరువాత కూర్చుని కూరలు తరగడం, పాలలెక్క చూసుకోవడం, పాస్‌పుస్తకం సరిచూడడం, దూడకు ఏ వేళ ఏమి పెట్టాలో చెప్పడం వంటివి చేయవచ్చు. దాంపత్య జీవితం కూడా ఆరు వారాల పరీక్ష అయ్యేవరకు ఆగాలి. లోపలి కుట్లు తెగి రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉన్నది గనుక ఈ విషయంలో మొహమాటపడక భర్తకు చెప్పాలి, భర్త గౌరవించాలి.

అడుగు కండరాలకు ఒక చిన్న వ్యాయామం ఉంది. మూత్రం ఆపుకునేటప్పుడు బిగించే కండరాలను మెల్లగా బిగించి, అయిదు లెక్కపెట్టి వదలాలి. పదిసార్లు, రోజుకు మూడు విడతలు. మూత్రపు గొట్టం తీసివేసిన తరువాత, డాక్టరును అడిగి మొదలుపెట్టాలి. మంచం మీద పడుకుని కూడా చేయవచ్చు.

వెంటనే ఆసుపత్రికి వెళ్ళవలసిన లక్షణాలు

కొద్దిపాటి ఎర్రని లేక గోధుమరంగు స్రావం కొన్ని వారాలు ఉండవచ్చు, భయం లేదు. కాని ఈ కింది వాటిలో ఏ ఒక్కటి కనిపించినా రేపటిదాకా ఆగవద్దు.

గంటకు ఒక గుడ్డ తడిసేటంత రక్తం పోవడం, గడ్డలుగా పడడం.
100.4 డిగ్రీలు లేక అంతకు మించిన జ్వరం, వణుకు.
కుట్ల దగ్గర ఎర్రబడి వాచడం, చీము, దుర్వాసన, కుట్లు విచ్చుకోవడం.
దుర్వాసనతో కూడిన తెల్లబట్ట.
మూత్రం రాకపోవడం, మంట, లేక తెలియకుండానే మూత్రం కారిపోతూ ఉండడం.
ఒక కాలి పిక్క వాచి నొప్పి పుట్టడం.
హఠాత్తుగా ఆయాసం, గుండెలో నొప్పి.
ఆగని వాంతులు, పొట్ట ఉబ్బరం, గాలి కూడా పోకపోవడం.

ఆయాసం, గుండెనొప్పి, ఎక్కువ రక్తస్రావం ఉంటే 108కు ఫోను చేయండి. మిగిలిన సందేహాలకు మీ ఊరి ఆశా కార్యకర్తను గాని, నర్సమ్మను గాని అడగండి.

సంఘం చేయగలిగినది

ఇల్లాలు ఆరు వారాలు మంచాన ఉంటే పాలబిల్లు తగ్గుతుందన్న భయమే చాలామందిని ముందుగా లేపుతున్నది. లెక్క వేసి చూడండి. చేతి మార్పు వల్ల రోజుకు రెండు లీటర్లు తగ్గాయనుకున్నా 42 రోజులకు 84 లీటర్లు. నష్టమే, కాదనలేము. కాని హెర్నియా వచ్చి మళ్ళీ ఆపరేషన్ అయితే ఆసుపత్రి ఖర్చుతోపాటు మరొక ఆరు వారాల పాలు కూడా పోతాయి, పిల్లలు మరొకసారి తల్లికి దూరమవుతారు. ముందు నష్టాన్ని ఓర్చుకోవడమే లాభం.

ఈ భారాన్ని తగ్గించడం సంఘం చేతిలో ఉంది. కేంద్రానికి రోజూ వచ్చే ఇరుగుపొరుగు సభ్యులు ఆమె క్యానును వంతులవారీగా తీసుకువచ్చి ఆమె నంబరుమీదనే పోయవచ్చు. వెన్నశాతం, లీటర్లు రాసిన చీటీని ఇంటికి చేర్చవచ్చు. పొలంనుంచి గడ్డి తెచ్చేవారు ఆమె గేదెకూ ఒక మోపు తేవచ్చు. రేపు వారికి అవసరం పడినప్పుడు ఆమె తేగలదు. నాట్లకు, కోతలకు బదులు వెళ్ళే అలవాటు మనకు ఉన్నదే. దాణా బస్తాను వాకిట్లో కాకుండా కొట్టంలో దించి రావడానికి ఒక మనిషి చాలు.

ఏడాదిలో ఇన్ని రోజులు, ఇన్ని లీటర్లు పోయాలన్న నియమం కొన్ని సంఘాలలో ఉంది. ఆపరేషన్ అయిన సభ్యురాలు ఆ రెండు నెలలు తక్కువ పోసిన కారణంగా ఓటు హక్కో, బోనసో కోల్పోకుండా చూడవలసిన బాధ్యత పాలకవర్గానిది. నిబంధనలు ఎంతవరకు అనుమతిస్తాయో చూసి, సమావేశంలో తీర్మానం చేసి పుస్తకంలో రాసుకోవడం మంచిది.

మహిళా సభ్యులు ఎక్కువగా ఉన్న సంఘాలు వచ్చే నెల సమావేశంలో ఈ విషయాన్ని చర్చకు పెట్టవలసిందిగా కోరుతున్నాము. ఊరిలో ఈ ఏడాది ఎవరికి ఆపరేషన్ జరగవలసి ఉన్నదో, వారి ఇంట్లో ఎందరు చిన్నపిల్లలున్నారో, పాలు పితికే రెండో చెయ్యి ఉన్నదో లేదో కనుక్కుని, వంతులు ముందే వేసుకోవాలి. కార్యదర్శులు ఈ వ్యాసాన్ని పాలకేంద్రం వద్ద ఉదయం పూట, సభ్యులు ఎక్కువగా ఉన్న వేళ చదివి వినిపించగలరు. లక్షణాల పట్టికను మాత్రం పెద్ద అక్షరాలతో రాయించి, వెన్నశాతం పట్టిక పక్కనే గోడకు అంటించగలరు.